2017లో కొన్న ఐస్ బాక్స్: ఇన్నేళ్ళు వాడాక నా మాట

కృష్ణా పుష్కరాలు అయిన మరుసటి ఎండాకాలం, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర సందుల్లో ఉన్న ఒక ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టులో కొన్నాం దీన్ని. 50 లీటర్లది, నీలం రంగు పెట్టె, తెల్ల మూత, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు, అడుగున నీళ్ళు పోవడానికి ఒక బిరడా. కొట్టతను మూడు వేల రెండొందలు చెప్పాడు, మా అత్తయ్య పక్కనుంటే ఏ రేటూ నిలవదు కాబట్టి రెండు వేల ఆరొందలకి దిగాడు, పైగా కొసరుగా ఒక మజ్జిగ జగ్గు. "మూడు రోజులు ఐస్ కరగదండీ, గ్యారంటీ" అన్నాడు. "ఎక్కడ, ఊటీలోనా?" అని అడిగారు మా ఆయన. అతను నవ్వేసి బిల్లు రాశాడు.

కంపెనీ పేరు రాయట్లేదు. ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదు, పైగా కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి.

ముందు అందరూ అడిగేది చెప్పేస్తాను. మే నెల బెజవాడలో మూడు రోజులు ఐస్ ఉండటం అబద్ధం. మూత గంటకోసారి తీస్తూ, కారు డిక్కీలో పెట్టి తిప్పితే పొద్దున వేసిన ఐస్ సాయంత్రానికి సగం పైన నీళ్ళే. అదే ఇంట్లో నీడపట్టున ఉంచి, ఊరికే తియ్యకుండా ఉంటే మర్నాడు మధ్యాహ్నం దాకా గడ్డలు కనిపిస్తాయి. చలికాలంలో అయితే రెండో రాత్రి కూడా దాటింది. అంటే సగం పని పెట్టెది, సగం పని మనది. రోహిణి కార్తెలో గోడలే సెగలు కక్కుతుంటే అటక మీద నుంచి దించిన పెట్టెలో అప్పటికప్పుడు ఐస్ పోస్తే, ఆ ఐస్‌లో కొంత ముందు పెట్టెని చల్లబరచడానికే ఖర్చయిపోతుంది. అందుకని మేము ముందు రోజు రాత్రే దించి, ఫ్రీజర్‌లోంచి రెండు బాటిళ్ళు వేసి మూత పెట్టి ఉంచుతాం, తెల్లారాక అసలు సరుకు సర్దుతాం. ఈ ఒక్క పనితో తేడా బాగా తెలుస్తుంది, నమ్మండి.

రెండోది, ఐస్ ముక్కలు కొని పోసే బదులు ఇంట్లోనే నీళ్ళ బాటిళ్ళు గడ్డ కట్టించండి. మెడ దాకా నింపకండి, నీళ్ళు గడ్డకడితే దాదాపు పదో వంతు ఉబ్బుతాయి, బాటిల్ పగులుతుంది. కరిగిన కొద్దీ తాగొచ్చు, పెట్టె అడుగున మడుగు కట్టదు, పులిహోర డబ్బాలోకి నీళ్ళు పోవు. మావాడు టెన్త్‌లో ఉన్నప్పుడు దీని మీద మాకు ఒక క్లాసు పీకాడు. కిలో ఐస్ కరగడానికి ఎంత వేడి పడుతుందో, ఆ వేడితో కిలో సున్నా డిగ్రీల నీళ్ళని 80 డిగ్రీల దాకా కాచొచ్చట. అంటే గడ్డ ఉన్నంతసేపే అసలు బలం, కరిగాక ఆ చల్లనీళ్ళకి అంత శక్తి ఉండదు. అందుకే చిన్న ముక్కల కంటే పెద్ద గడ్డ మేలు, అది నిదానంగా కరుగుతుంది. పెట్టెలో ఖాళీ కూడా ఉంచకండి, సామాను తక్కువైతే మిగతా చోటు ఒక దళసరి తువ్వాలు మడిచి నింపండి. బరువైన వస్తువులు అడుగున పెట్టి బాటిళ్ళు పైన పేర్చండి, చల్లగాలి కిందికే దిగుతుంది కదా.

ఇక బీచ్ సంగతి. మేం ఎక్కువగా వెళ్ళేది మంగినపూడికి. బెజవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లుంటుంది, ఉయ్యూరు, పామర్రు మీదుగా, అక్కడి నుంచి ఇంకో 11. సూర్యలంక ఇసుక అందంగా ఉంటుంది, మంగినపూడిలో నల్లమట్టి, బట్టలన్నీ బురద రంగుకి వస్తాయి. అయినా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మాకు అదే నచ్చింది, లోతు తక్కువ, పొద్దున బయల్దేరితే చీకటి పడేలోపు ఇంట్లో ఉంటాం, రూము అద్దె ఉండదు. పెట్టెలో పెరుగన్నం, మజ్జిగ, కోసిన పుచ్చకాయ, నాలుగైదు బాటిళ్ళ నీళ్ళు. బీచ్ దగ్గర కూల్‌డ్రింక్ ఎమ్మార్పీ మీద ఎంత వేస్తారో మీకు తెలుసు, పైగా అక్కడ ఫ్రిజ్‌లో పెట్టామంటారు గానీ పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. ఆరుగురు మనుషులం, పిల్లలు గంటకోసారి దాహం దాహం అంటారు. పెట్టె ఖరీదు ఇలాంటి ప్రయాణాల్లోనే రెండు మూడు ఎండాకాలాల్లో తీరిపోయిందని మా ఆయన లెక్క. లెక్కలు ఆయన వేస్తారు, మజ్జిగ నేను చిలుకుతాను కాబట్టి నా కూలి ఆ లెక్కలో లేదు.

ఇసుకలో ఈ పెట్టెని మోయడం మాత్రం నరకం. నిండితే 30 కిలోలు దాటుతుంది, ఇద్దరు పట్టాల్సిందే, చక్రాలున్న మోడల్ తీసుకుంటే బాగుండునని మొదట్లో అనుకునేదాన్ని గానీ పక్కన వాళ్ళు చక్రాల పెట్టెని ఇసుకలో ఈడ్చలేక తలకెత్తుకోవడం చూశాక ఆ ఆశ పోయింది. గడియలో ఇసుక పడితే మూత సరిగా పడదు, ఒక పాత దువ్వెన, పాత టూత్‌బ్రష్ సంచిలో వేసుకెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో అసలు లాభం. బందరు గిలకలదిండి హార్బర్ వైపు వెళ్తే పొద్దున్నే పడవల మీద వచ్చిన రొయ్యలు, చందువలు, పీతలు దొరుకుతాయి. ఇక్కడొక కిటుకు. పెట్టెని చేత్తో పట్టుకుని బేరానికి వెళ్ళకండి. మేం మొదటిసారి అలా వెళ్తే ఆ చేపలమ్మ పెట్టెని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "బెజవాడ నుంచొచ్చారా అమ్మా" అని అడిగింది, అప్పటికే రేటు మారిపోయింది. "ఏంటమ్మా, పెట్టె చూసి పెంచావా?" అని మా అత్తయ్య అంటే, "పెట్టె నింపుకెళ్తారుగా తల్లీ, నేనూ బతకాలిగా" అంది. ఇప్పుడు పెట్టె కార్లోనే, చేతిలో ఉత్త గుడ్డసంచి.

చేపలకి ఇంట్లో కట్టించిన బాటిళ్ళు చాలవు, పొడి చేసిన ఐస్ కొనాల్సిందే. కిలో చేపకి కిలో ఐస్ అనుకోండి. అడుగున ఒక పొర ఐస్, మీద చేప, మళ్ళీ ఐస్. పొట్ట, మొప్పలు అక్కడే తీయించేయండి, పాడవడం అక్కడే మొదలవుతుంది. కరిగిన నీళ్ళలో చేప నానకుండా బిరడా కొంచెం వదులు చేసి, కారు పాడవకుండా కింద ఒక పాత బేసిన్ పెట్టండి. ఇంకొక ముఖ్యమైన మాట, చేపల కోసం అమ్మే ఐస్ తాగే నీళ్ళతో చేసిందే అని ఎవరూ చెప్పలేరు. అదే పెట్టెలో మీ మజ్జిగ బాటిళ్ళు వేయకండి, ఆ ముక్క గ్లాసులో అసలే వేసుకోకండి.

నీచు వాసన పోవడానికి ఏం చేస్తారని అందరూ అడుగుతారు. సబ్బునీళ్ళతో ఒకసారి, వంటసోడా కలిపిన నీళ్ళతో ఇంకోసారి కడిగి, మూత తెరిచి నీడలో గాలికి వదిలేయండి. ఎండలో రోజుల తరబడి పెడితే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. మూత అంచున రబ్బరు ఉండే గాడిలో నీచు దాక్కుంటుంది, అక్కడ పుల్లకి గుడ్డ చుట్టి తుడవాలి. ఇంత చేసినా, శ్రావణమాసంలో పూలకి వాడేముందు మా అత్తయ్య ముక్కు లోపల పెట్టి వాసన చూడందే ఒప్పుకోదు.

అవును, పూలకి కూడా ఇదే. వ్రతాలకీ పెళ్ళిళ్ళకీ ముందు రోజు సాయంత్రం మైలవరం మల్లెలు వచ్చినప్పుడు కొనుక్కొచ్చి, తడి గుడ్డలో చుట్టి, పెట్టెలో ఒక మూల చల్ల బాటిల్ పెట్టి ఉంచితే తెల్లారి విచ్చుకోకుండా మొగ్గల్లాగే ఉంటాయి. పూలు బాటిల్‌కి తగలకూడదు, తగిలిన చోట నల్లబడతాయి.

2024లో కూడా ఇలాగే మా ఆడపడుచు వ్రతానికని తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. నేను లోపల గొణుక్కుంటూనే ఉన్నాను. వాళ్ళుండేది సింగ్‌నగర్‌లో రెండో అంతస్తు. సెప్టెంబర్ 1 ఆదివారం, బుడమేరు గండ్ల నీళ్ళు వచ్చి పడ్డాయి, కింద వాటా మునిగింది, కరెంటు పోయింది. వాళ్ళ అత్తగారికి షుగర్, ఫ్రిజ్‌లో ఇంకా తెరవని ఇన్సులిన్ ఉంది. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేలోపు మా ఆడపడుచు నాకు చేసిన ఒకే ఒక కాల్ దీని గురించే, "వదినా, పెట్టెలో పెట్టొచ్చా?" అని. ఫ్రీజర్‌లో ఉన్న ఐస్ అంతా కవర్లలో కట్టి అడుగున పెట్టి, మీద తువ్వాలు పరిచి, ఇన్సులిన్‌ని స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి పైన పెట్టమన్నాను. ఇన్సులిన్ గడ్డ కడితే ఇక పనికి రాదు, ఐస్‌కి నేరుగా తగలనివ్వకూడదు. తీయడం రోజుకి ఒకసారే. పడవల మీద వచ్చినవాళ్ళు కింద నుంచి పాల ప్యాకెట్లు, నీళ్ళ బాటిళ్ళు ఇస్తుంటే బాల్కనీ నుంచి తాడు కట్టిన బకెట్ దించి లాక్కున్నారట, ఆ పాలు కూడా అందులోకే. మంగళవారం వాళ్ళు బయటికి వచ్చేసరికి ఐస్ లేదు గానీ లోపల నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయంది. ఆ తర్వాత నేను గొణగలేదు.

మామిడికాయలకి మాత్రం తిరగేసి వాడతాం. నున్న మార్కెట్ దగ్గర పచ్చి బంగినపల్లి తెచ్చుకుని పెట్టెలో ఎండుగడ్డి పరిచి, ఐస్ లేకుండా, మూత పూర్తిగా బిగించకుండా పెడితే లోపలి వెచ్చదనానికి చక్కగా మాగుతాయి. కార్బైడ్ గోల లేదు. రోజూ ఒకసారి తీసి మెత్తబడ్డవి ఏరేయాలి, లేకపోతే ఒకటి కుళ్ళి మిగతావాటిని కుళ్ళబెడుతుంది. పండకముందు కాయల్ని చల్లటి పెట్టెలో గానీ ఫ్రిజ్‌లో గానీ పెట్టకండి, తొక్క మచ్చలు పడుతుంది, తర్వాత సరిగా పండదు.

ఇప్పుడు తిట్లు. రెండో ఏడే మూత కీలు విరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఆ పార్ట్ విడిగా రాదు మేడమ్, కొత్త మోడల్ చూడండి" అన్నారు. ఒక కీలు కోసం పెట్టె మార్చాలట! సందు చివర వెల్డింగ్ షాపతను అల్యూమినియం పట్టీ కొట్టి రెండు బోల్టులు బిగించాడు, చూడ్డానికి అసహ్యం, ఇప్పటికీ కదల్లేదు. బోల్టు వేసిన కన్నంలోంచి లోపలి ఫోమ్‌లోకి నీళ్ళు దిగితే చల్లదనం పోతుందని మైనం లాంటి సీలెంట్ పూశాడు, అది మీరూ మర్చిపోకండి. బిరడా వాషర్ ఎండి కారడం ఇంకో తలనొప్పి, స్కూటర్ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి వేస్తే సరిపోయింది. మూత లోపల ఫోమ్ సరిగా లేదని నా అనుమానం, ఎండలో మూత పైన చెయ్యి వేస్తే తెలిసిపోతుంది, అందుకే ప్రయాణాల్లో పైన తడిపిన గోనెసంచి కప్పుతాం.

అరువిస్తే జాగ్రత్త. మా వీధి చలివేంద్రానికి ప్రతి ఏప్రిల్‌లో ఇస్తాను, అది సంతోషమే, దారిన పోయే ఆటోవాళ్ళు రెండు గ్లాసులు మజ్జిగ తాగి వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ తిరిగొచ్చేటప్పుడు బిరడా రాదు. ఇప్పుడు బిరడాని దారంతో పిడికి కట్టేశాను.

ఏడాదికి ఒక్కసారి బీచ్‌కి వెళ్ళేవాళ్ళు ఇంత పెట్టె కొనక్కర్లేదు. చేపల మార్కెట్ దగ్గర దొరికే థర్మాకోల్ డబ్బా ఒక రోజుకి చాలు, కాకపోతే పనయ్యాక కాలవలో పారేయకండి. ఇద్దరుండే ఇంటికి 20 లీటర్లది సరిపోతుంది. నలుగురైదుగురు ఉండి, చుట్టాలు, వ్రతాలు, కరెంటు కోతలు ఉన్న ఇల్లయితే 50 లీటర్లది ధైర్యంగా తీసుకోండి. కొట్లోనే బిరడా బిగించి ఒక చెంబు నీళ్ళు పోయించి అయిదు నిమిషాలు ఆగండి, కొట్టతను విసుక్కున్నా సరే. మూత వేశాక అంచు చుట్టూ ఒక కాగితం ముక్క దూర్చి లాగి చూడండి, తేలిగ్గా వచ్చేస్తే ఆ పెట్టె వద్దు. మీ డిక్కీ కొలత ముందే టేపుతో కొలుచుకుని వెళ్ళండి, మాది పట్టింది గానీ స్టెప్నీ టైరు తీయాలంటే సామాను మొత్తం రోడ్డు మీద పెట్టాల్సిందే.