షాంఘై ఆర్ట్ మ్యూజియాలు: ఎక్కడ టికెట్ కొనచ్చు, ఎక్కడ కొనకూడదు

షాంఘై వెళ్లే మనవాళ్లకు ముందే చెప్తున్నాను. టికెట్ రేటు ఎక్కువగా ఉంది కదా అని మ్యూజియం గొప్పగా ఉంటుందనుకోకండి. ఒక ప్రైవేటు ఆర్ట్ మ్యూజియంలో మనిషికి 180 యువాన్ల చొప్పున ముగ్గురికి 540 యువాన్లు కట్టాం. మన లెక్కలో 6,600 రూపాయల పైమాటే. లోపల సగానికి పైగా మూసేసి ఉంది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

వెళ్లింది నేను, మావారు, మా వదిన. వదిన రాజమండ్రిలో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఈ ప్రయాణంలో మ్యూజియాలన్నీ ఆవిడ కోరికే. మావారు ఇంజనీరు, ఆయనకు బొమ్మల కన్నా స్లాబులు, బీములు ఇష్టం. వీసా, విమానం, హోటల్, నది ఒడ్డున సాయంత్రాలు అన్నీ సాఫీగా జరిగిపోయాయి.

ఆ ప్రైవేటు మ్యూజియం సంగతి మాత్రం పూర్తిగా చెప్పాలి. గేటు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి లోపలికి పంపారు. మెట్ల దగ్గరికి వెళ్తే అడ్డంగా తాడు కట్టి ఉంది. పక్కన స్టాండు మీద ఒక ఏ4 కాగితం, చైనీసులో నాలుగు లైన్లు. ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చేస్తే విషయం తెలిసింది: పై రెండు అంతస్తుల్లో కొత్త ప్రదర్శనకు పనులు జరుగుతున్నాయి, నెలాఖరు దాకా మూత. ఈ ముక్క టికెట్ అమ్మిన యాప్‌లో లేదు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయీ చెప్పలేదు.

తెరిచి ఉన్నదల్లా కింది అంతస్తు. అందులో చీకటి హాలు, గోడల నిండా ప్రొజెక్టర్ల వెలుగులో పూలు, అలలు. అద్దె గౌన్లు వేసుకున్న అమ్మాయిలు, వాళ్ల వెంట ఫొటోగ్రాఫర్లు. వదిన ఆ చీకట్లో గోడ పొడుగునా వెతుక్కుంటూ వెళ్లి, "ఏమే, వీటిని గీసిందెవరో ఎక్కడా పేరు రాయలేదేమే?" అని అడిగారు. ముప్పై ఏళ్లు పిల్లల చేత బొమ్మ కింద పేరు రాయించిన మనిషి అలా అడిగేసరికి నాకు కడుపు తరుక్కుపోయింది. అసలైన తైలవర్ణ చిత్రాలు ఒక్క నడవలోనే ఉన్నాయి. వాటి మీదా అద్దం, అద్దం మీద లైట్లు, అందులో మా మొహాలే మాకు కనబడ్డాయి.

డబ్బులు వాపసు అడిగాం. కౌంటర్ అమ్మాయి ఫోన్లో టైప్ చేసి తెర మా వైపు తిప్పింది. "స్కాన్ చేయబడిన టికెట్ తిరిగి తీసుకోబడదు. మీ సందర్శన ఆనందంగా సాగుగాక" అని ఉంది. మావారు గొంతు పెంచారు. వదినే ఆయన చెయ్యి పట్టుకుని, "ఊరుకోరా, పరాయి దేశంలో గొడవెందుకు, పద" అని బయటికి లాక్కొచ్చారు. ఆ సాయంత్రమంతా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో మిగతా మ్యూజియాలు చూస్తే నాకు అర్థమైంది. చైనాలో పదిహేనేళ్లుగా కోటీశ్వరులు, రియల్ ఎస్టేట్ కంపెనీలు వరసపెట్టి మ్యూజియాలు కట్టారు. భవనం కట్టడానికి డబ్బు దొరికింది. ఏటా కరెంటు బిల్లు, జీతాలు, కొత్త ప్రదర్శనల ఖర్చు ఎవరు భరిస్తారన్నది చాలాచోట్ల యజమాని జేబు మీదే ఆధారపడింది. ఆ జేబు బరువు తగ్గితే ఆ లోటు మనలాంటి వాళ్ల టికెట్లలోంచి పూడుస్తారు.

వెస్ట్ బండ్ అని హువాంగ్‌పు నది ఒడ్డున ఒక ప్రాంతం ఉంది. ఒకప్పుడు బొగ్గు రేవు, సిమెంటు ఫ్యాక్టరీ, విమానాశ్రయం ఉన్న చోటు. అక్కడి లాంగ్ మ్యూజియం దగ్గర మావారి కోపం దిగిపోయింది. 1950లలో బొగ్గు దించడానికి కట్టిన పొడవాటి కాంక్రీటు వంతెనను కూల్చకుండా ఉంచి, దానికి రెండు వైపులా గొడుగుల్లా విచ్చుకునే కాంక్రీటు గోడలు లేపారు. కిందనున్న పార్కింగ్ అయితే మ్యూజియం డిజైన్ కన్నా ముందే కట్టేసిందట, ఆ పునాది మీదే ఇదంతా. మావారు గోడ మీద షట్టరింగ్ గుర్తులు చేత్తో తడిమి చూస్తూ అక్కడే ఉండిపోయారు. 2014లో దీన్ని తెరిచింది లియు యీచ్యన్, వాంగ్ వెయ్ దంపతులు. ఒకప్పుడు టాక్సీ నడిపిన లియు 2015లో ఇటలీ చిత్రకారుడు మోదిగ్లియానీ చిత్రం ఒకటి 17 కోట్ల డాలర్లకు కొన్నాడు. అంతటి వాళ్లే 2023లో తమ సేకరణలోని కొన్ని చిత్రాల్ని హాంకాంగ్‌లో వేలానికి పెట్టారు. భవనం మాత్రం తప్పక చూడండి.

యూజ్ మ్యూజియం కథ ఇంకా బాధగా ఉంటుంది. ఇండొనేసియాకు చెందిన చైనీయుడు బుడి టెక్ 2014లో పాత లాంగ్‌హువా విమానాశ్రయంలో విమానాలు నిలిపే హ్యాంగర్‌లో దీన్ని తెరిచాడు. తన తర్వాత కూడా ఇది నిలబడాలని లాస్ ఏంజెలెస్ మ్యూజియంతో ఒప్పందం చేసుకున్నాడు. 2022లో క్యాన్సర్‌తో పోయాడు. మరుసటి ఏడాది మ్యూజియం ఊరి పడమటి పక్క పాన్‌లాంగ్ అనే చోట, కాలువ చుట్టూ షాపులు, కాఫీ హోటళ్లు ఉన్న కొత్త సెంటర్‌కి మారిపోయింది. హ్యాంగర్‌లో ఉన్నంత జాగా ఇక్కడ లేదు. కానీ షాపింగ్‌కి వచ్చిన కుటుంబాలు పిల్లల్ని తీసుకుని లోపలికి రావడం చూశాను, అది నాకు నచ్చింది. వెళ్లాలంటే మెట్రో 17వ లైన్లో పాన్‌లాంగ్ రోడ్ స్టేషన్.

ఇప్పుడు గట్టిగా నిలబడుతున్నది మరో పద్ధతి. భవనం, ఖర్చు ప్రభుత్వ కంపెనీవి, బొమ్మలు విదేశీ మ్యూజియానివి. వెస్ట్ బండ్ మ్యూజియంలో 2019 నుంచి పారిస్‌లోని ఆధునిక కళా మ్యూజియం పాంపిడూ సెంటర్ సేకరణలు చూపిస్తున్నారు. ముందు అయిదేళ్లకు రాసుకున్న ఒప్పందాన్ని 2029 దాకా పొడిగించారు. టికెట్ ఉంది, అయినా ప్రతి బొమ్మ పక్కనా ఇంగ్లీషులో కూడా వివరం ఉంది. వదిన ఇక్కడ తేరుకున్నారు.

నా మనసు దోచింది మాత్రం పవర్ స్టేషన్ ఆఫ్ ఆర్ట్. పాత కరెంటు కేంద్రాన్ని 2012లో మ్యూజియం చేశారు. సమకాలీన కళకు చైనాలో ప్రభుత్వం నడిపిన మొదటి మ్యూజియం ఇదే. 165 మీటర్ల పొగగొట్టం అలాగే ఉంది, దాని లోపల కూడా ప్రదర్శన పెడతారు. మేం పైసా కట్టకుండానే చూశాం. షాంఘై బియెన్నాలే, అంటే రెండేళ్లకోసారి పెట్టే పెద్ద కళా ప్రదర్శన, జరిగేది ఇక్కడే. 2016లో మొదలైన 11వ బియెన్నాలే బాధ్యత ఢిల్లీకి చెందిన కళాకారుల బృందం రక్స్ మీడియా కలెక్టివ్‌కి ఇచ్చారని చెప్తే వదిన మొహం వెలిగిపోయింది. మూసి ఉన్న హాళ్ల పేర్లు గేటు దగ్గరే బోర్డు మీద రాసి పెట్టారు. డబ్బు తీసుకోని చోట చేసిన ఈ చిన్న పని, 540 యువాన్లు తీసుకున్న చోట ఎందుకు చేయలేకపోయారు?

పీపుల్స్ స్క్వేర్‌లోని షాంఘై మ్యూజియం కూడా ఉచితమే. అక్కడి నీలం, తెలుపు పింగాణీ చూసి వదిన "సాలార్‌జంగ్‌లో ఇలాంటివి చూశాం కదే" అన్నారు. ఈ మ్యూజియమే 2024 జూలై నుంచి 2025 ఆగస్టు దాకా ఈజిప్టు ప్రదర్శన పెట్టి 147 యువాన్ల టికెట్ అమ్మింది. 27 లక్షల మందికి పైగా చూశారు. రాత్రిళ్లు పిల్లుల్ని తీసుకురావడానికి కూడా టికెట్లు అమ్మారు. ఇకముందు ప్రభుత్వ మ్యూజియాలు ఇదే దారి పడతాయని నా నమ్మకం. తప్పేం లేదు, సొంత సేకరణ అందరికీ ఉచితంగా ఉంచి, ప్రత్యేకంగా తెప్పించిన దానికి డబ్బు తీసుకోవచ్చు. ఆ డబ్బు ఆశతో ఉచిత హాళ్లు కుదించే రోజు మాత్రం రాకూడదు.

ఖర్చులు, జాగ్రత్తలు. మెట్రో 3 యువాన్ల నుంచి మొదలు. మన యూపీఐ పనిచేయలేదు, అక్కడి పేమెంట్ యాప్ అలీపేకి వీసా కార్డు కలుపుకుని వెళ్లండి. 200 యువాన్లు దాటిన బిల్లుకు 3 శాతం రుసుం పడుతుంది, వీలైతే విడగొట్టి కట్టండి. ఉచిత మ్యూజియాలకు కూడా ముందే బుకింగ్ ఉందేమో చూసుకోండి, పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి. హోటల్ వాళ్లను విదేశీయులకు గది ఇస్తారా అని మెసేజ్ పెట్టి అడగండి. శాకాహారులు నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డులో 1922 నుంచి ఉన్న గోంగ్‌దెలిన్‌కి వెళ్లండి. బాతు మాంసంలా కనబడేది సోయా పాల మీగడ పొరలతో చేసిందని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాకే వదిన ముట్టారు, తర్వాత ఇంకో ప్లేటు చెప్పించారు. ముగ్గురికి 236 యువాన్లయింది.

ఒక్కరోజే చేతిలో ఉంటే మెట్రో 8వ లైన్ పట్టుకోండి. పీపుల్స్ స్క్వేర్‌లో దిగి షాంఘై మ్యూజియం, శీచాంగ్ సౌత్ రోడ్‌లో దిగి పవర్ స్టేషన్, ఓపిక మిగిలితే అదే లైన్లో చైనా ఆర్ట్ మ్యూజియం. సోమవారం మాత్రం ఈ పని పెట్టుకోకండి, చాలావాటికి ఆ రోజే సెలవు. ప్రైవేటు వాటికి టికెట్ కొనేముందు ఏయే అంతస్తులు తెరిచి ఉన్నాయో కౌంటర్లో ఫోన్ మీద టైప్ చేయించుకుని, ఆ తెర ఫొటో తీసుకున్నాకే డబ్బు కట్టండి.