గార్డన్ బ్యాంక్స్ పసుపు జెర్సీ, 1966 రెట్రో: కొనేముందు చూసుకోవాల్సినవి

2019 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ గార్డన్ బ్యాంక్స్ పోయాక, ఆయన ఆడిన స్టోక్ క్లబ్ స్టేడియం బయట ఆయన విగ్రహం దగ్గర అభిమానులు పూలూ స్కార్ఫులూ పేర్చారు. మార్చి 4న శవపేటిక మోసినవాళ్లలో జో హార్ట్, క్యాస్పర్ ష్మైకేల్, జాక్ బట్‌లాండ్ ఉన్నారు. ముగ్గురూ గోల్‌కీపర్లే. అంతటి మనిషి గుర్తుగా దాచుకునే జెర్సీ సరిగ్గా ఉండాలి.

1966 ప్రపంచకప్ ఫైనల్లో బ్యాంక్స్ వేసుకున్నది పొడుగు చేతుల, గుండ్రటి మెడ పసుపు జెర్సీ. ఎదర మూడు సింహాల బ్యాడ్జి, వీపున 1 అంకె, అంతే. వీపు మీద పేరుగానీ బ్యాడ్జి పైన నక్షత్రంగానీ కనిపిస్తే వదిలేయండి. పెలే హెడర్‌ను ఆపిన దృశ్యాన్ని దీని మీద అచ్చేసినా తీసుకోకండి. అది మెక్సికోలోని గ్వాదలహారాలో, 1970 జూన్ 7 నాటి మాట.

పాలియెస్టర్ మెరుపు ఆ కాలానికి నప్పదు, కాటన్ రకమే మేలు. మొదటి ఉతుకుకే కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. అసలు చిక్కు బ్యాడ్జి కుట్టుపనిలో ఉంది. వెనక అస్తరు పలచగా ఉంటే వేడినీళ్లకు గుడ్డ ముడుచుకుని సింహాల కాళ్లు వంకరపోతాయి. తిరగేసి, చన్నీళ్లలో, విడిగా ఉతకండి. మొదట్లో పసుపు రంగు దిగొచ్చు. నీడలో పరిచి ఆరబెట్టండి, తడిగా వేలాడదీస్తే మెడ సాగుతుంది. ఫ్రేమ్ కట్టిస్తే గుడ్డకీ అద్దానికీ మధ్య అర అంగుళం ఖాళీ వదలమనండి, లేకుంటే వానాకాలం చెమ్మకు మచ్చలు పడతాయి.