మా క్వయర్ గౌన్లు: పదకొండేళ్లు వాడిన తర్వాత

మొన్న క్రిస్మస్ ఆరాధనకి మా క్వయర్, అంటే చర్చిలో పాటలు పాడే బృందం, వేసుకున్నవి 2014 ఆగస్టులో కుట్టించిన గౌన్లే. అప్పుడు 24 కుట్టించాం. ఈ రోజుకి 22 వాడకంలో ఉన్నాయి. ఒకటి ఇస్త్రీ పెట్టె కింద కాలింది, ఇంకొకటి బదిలీ మీద ఊరు మారిన కుటుంబంతో వెళ్లిపోయింది. చిత్తూరులో మా చర్చి గౌన్ల బీరువా తాళం మొదటినుంచీ నా దగ్గరే ఉంది. కొత్తగా కొనాలనుకునే సంఘాలవాళ్లు తరచూ ఫోన్ చేసి అడుగుతుంటారు, అందుకే తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

వీటికంటే ముందు ఒక సెట్టు కొని పాడుచేసుకున్నాం. 2011లో ఫోటో చూసి, పెద్ద ఊళ్లోని ఒక దుకాణానికి ఆర్డరిచ్చాం. గౌను 1,150 రూపాయలు. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడే సైజులు. మెరిసే పాలియెస్టర్ సాటిన్. వేసుకున్న మొదటి ఆదివారం సంఘమంతా మెచ్చుకుంది. ఆ తర్వాత ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం వచ్చింది. ఊరేగింపుగా చర్చి చుట్టూ తిరిగి లోపలికొచ్చి రెండో పాట అందుకునేలోపే ఆల్టో (ఆడవాళ్ల కింది స్వరం) వరుసలో ఒక అమ్మాయి కళ్లు తిరిగి కూలబడింది. గౌను విప్పితే లోపల చీర నీళ్లలో ముంచి తీసినట్టుంది. రెండు ఉతుకులకే చంకల దగ్గర కుట్లు విడిపోయాయి. విప్పి చూస్తే లోపల పావు అంగుళం గుడ్డ కూడా వదల్లేదు, మళ్లీ కుడదామన్నా పట్టు లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే అమ్మిన సరుకు మేం వెనక్కి తీసుకోం అన్నారు.

ఈ ఉడుపులు పుట్టింది చలిదేశాల్లో. పాస్టర్లూ పాటగాళ్లూ వేసుకునే సర్‌ప్లిస్ అనే తెల్లటి పైఅంగీకి ఆ పేరే ‘బొచ్చుతోలు కోటు మీద వేసుకునేది’ అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి వచ్చింది. రాతి చర్చిల్లో చలికి లోపల బొచ్చుతోలు వేసుకుని, దానిమీద ఇంత వదులుగా కుట్టుకునేవారు. మనం ఆ ఆకారాన్ని తీసుకొచ్చి ఏప్రిల్, మే ఎండల్లో వేసుకుంటున్నాం. కాబట్టి గుడ్డ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే మాట ఇదే: మెరుపుకి డబ్బు పెట్టకండి, గుడ్డకి పెట్టండి.

అచ్చమైన కాటన్ కూడా ఆలోచించాం. నగరి మరమగ్గాల గుడ్డ తెచ్చి ఒక గౌను కుట్టించి చూశాం. వేసుకోవడానికి హాయిగా ఉంది, కానీ ఒక పాట కూర్చుని లేస్తే వెనకంతా ముడతలు. ఉతికితే అంగుళంన్నర పొట్టిదైంది. చివరికి చెన్నై గోడౌన్ స్ట్రీట్‌కి వెళ్లి 67 పాళ్లు పాలియెస్టర్, 33 పాళ్లు కాటన్ ఉన్న టెర్రికాట్ తెచ్చాం. ముదురు మెరూన్ రంగు, 58 అంగుళాల పన్నా, మీటరు 130 రూపాయలు. నిండుగా కుచ్చులొచ్చేలా గౌనుకి నాలుగు మీటర్లు పట్టింది. కుట్టుకూలి, జిప్పు, కాలరు కలుపుకుని ఒక్కోటి 950 అయింది. రెడీమేడ్‌కంటే 200 తక్కువ. కాటన్ అంత చల్లగా ఉండదు, ఆ మాట దాచను. మే నెలలో చెమట పడుతుంది. కానీ గాలి ఆడుతుంది, ఆరాధన అయ్యేదాకా నిలబడి పాడగలుగుతున్నాం.

కుట్టినాయన మా చర్చికి రెండు వీధులవతల ఉండే టైలరు మాస్టరు. అంతకుముందు ఆయన ఎప్పుడూ క్వయర్ గౌను కుట్టలేదు. నేను భుజం నుంచి పొడవు రాసుకుని కాగితం తీసుకెళ్తే, చూసి పక్కన పెట్టేశారు. “టీచరమ్మా, భుజాలు ఒకరికి జారి ఉంటాయి, ఒకరికి ఎత్తుగా ఉంటాయి. పైనుంచి తీస్తే కింద అంచు ఎట్లా కలుస్తుంది? నేలనుంచి తీయాల,” అన్నారు. ఒక శనివారం సాధన రోజు వచ్చి అందరినీ వరుసలో నిలబెట్టి, స్కేలు నేలకి ఆనించి, ఎనిమిది అంగుళాల ఎత్తున ప్రతి ఒక్కరికీ సుద్దతో గుర్తు పెట్టారు. మేం చర్చిలోకి చెప్పులు వేసుకోం కాబట్టి ఉత్తకాళ్లతోనే కొలత. పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ కలిసి నిలబడినా కింద అంచు గీత గీసినట్టు ఒకే వరుసలో కనిపిస్తుంది. చూసేవాళ్లకి ఎందుకో తెలియదు గానీ అందంగా ఉందంటారు. ఇంకో మంచిపని, అంచు లోపలికి ఐదంగుళాల మడత వదిలారు. పదిహేనేళ్లకి చేరిన పిల్లలు పొడుగైనప్పుడల్లా ఆ మడత విప్పి దించుకుంటూ వచ్చాం. కోసేముందు గుడ్డంతా ఒక రాత్రి నానబెట్టి ఆరేశారు. అందుకే ఇన్నేళ్లలో పొట్టిబడలేదు.

అసలు గౌన్లెందుకు, ఉన్న బట్టల్లో పాడితే దేవుడు వినడా అని మా కమిటీలో పెద్ద చర్చే జరిగింది. నేను లేచి ఒక్క సంగతి చెప్పాను. గౌన్లు లేని రోజుల్లో ప్రతి డిసెంబరులోనూ మంచి గొంతున్న ఇద్దరు ముగ్గురు అక్కలు క్రిస్మస్ ఆరాధనకి క్వయర్లో నిలబడకుండా వెనక బెంచీల్లో కూర్చునేవారు. ఆ ఏడు కొత్త చీర కొనుక్కోలేదని. గౌన్లొచ్చాక వాళ్లు ముందు వరుసలో నిలబడ్డారు. నాకు అది చాలు.

అన్నిటికంటే పనికొచ్చినది విడిగా తీసే తెల్ల కాలరు. మెడ దగ్గరే చెమట, కొబ్బరినూనె, మల్లెపూల మరకలు అన్నీ. కాలరు నాలుగు టిచ్ బటన్లతో ఊడొస్తుంది, వాడిన ప్రతిసారీ అదొక్కటే ఉతుకుతాం. గౌను ఏడాదికి ఐదారుసార్లు ఉతికితే సరిపోతోంది. జిప్పులు మాత్రం మా తప్పు. ఇనప జిప్పులు వేయించాం, మూడో వానాకాలానికి తుప్పు పట్టి పళ్లు పట్టేశాయి. అన్నీ విప్పించి నైలాన్ జిప్పులు వేయించడానికి మళ్లీ ఖర్చైంది.

ఉతకడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గౌన్లు పాడయ్యేది ఒంటిమీద కాదు, బకెట్లో. మాది బోరు నీళ్లు. ఉప్పు, ఇనుము రెండూ ఉన్నాయి. ఒకసారి తెల్ల కాలర్లు బాగా తెల్లబడతాయని ఒకరు బ్లీచింగు నీళ్లలో వేశారు. నీళ్లలో కరిగున్న ఇనుము బ్లీచింగు తగలగానే తుప్పుగా మారి గుడ్డకి పట్టేసింది. పన్నెండు కాలర్లు టీ రంగుకి తిరిగాయి. అప్పట్నుంచి బ్లీచింగు మా చర్చి గడప దాటలేదు. తక్కువ సబ్బుపొడి, గోరువెచ్చని నీళ్లు, గౌను తిరగేసి నానబెట్టడం, పిండకుండా అలాగే హ్యాంగరుకి తగిలించడం, ఇంతే. నీళ్లు కారుతుంటే ఆ బరువుకే ముడతలు సాగిపోతాయి. చివరి జాడింపుకి మాత్రం మంచినీళ్లు, అందులో ఒక చెంచా వెనిగర్. మెరూన్ గౌన్లు నీడలోనే ఆరాలి. ఒక వేసవిలో మేడమీద తీగకి వేసి మరిచిపోయిన రెండింటికి భుజాల దగ్గర రంగు తేలిన చారలు ఇప్పటికీ ఉన్నాయి.

పసుపు మరకకి మాత్రం ఎండే మందు. పెళ్లి ఆరాధన తర్వాత విందులో కాలరు మీద సాంబారు పడుతుంది. సబ్బు పెట్టగానే ఎర్రగా తిరుగుతుంది, కంగారుపడి గట్టిగా రుద్దకండి. బాగా జాడించి తడిగా ఎండలో వేస్తే పసుపు వెలిసిపోతుంది. క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధనలో పడే మైనానికి ముందు ఐసుముక్క రాసి గట్టిపడ్డాక గోటితో తీసేయాలి. మిగిలినదానికి పైనా కిందా ఏమీ అచ్చులేని కాగితం పెట్టి, తక్కువ వేడి ఇస్త్రీ. కాలిపోయిందని చెప్పిన ఆ గౌను ఇక్కడే పోయింది, పెట్టె కాటన్ వేడి మీద ఉందని చూసుకోలేదు.

మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. సరిగ్గా క్వయర్‌కి పని ఎక్కువుండే రోజులు. మొదట్లో గౌన్లకి ప్లాస్టిక్ కవర్లు తొడిగాం, లోపల చెమ్మ పట్టి బూజు వాసన వచ్చింది. ఇప్పుడు పాత పంచెలతో కుట్టిన సంచులు. ఆరాధన అవగానే ఎవరూ గౌను బీరువాలో పెట్టకూడదు, ఒక పూట ఫ్యాను కింద ఆరాకే లోపలికి. వెడల్పాటి చెక్క హ్యాంగర్లు కొన్నాం. తీగ హ్యాంగర్లయితే తుప్పు మరకలు, భుజాల దగ్గర ముక్కుల్లా పొడుచుకురావడం.

పాస్టరుగారి తెల్ల అంగీ కూడా ఆ మాస్టరే కుట్టారు. అయ్యగారికి నెలకి నాలుగైదుసార్లు తప్పదు కాబట్టి రెండు జతలుండాలని నా అభిప్రాయం. ఒకటే ఉంటే తడారకుండానే వేసుకోవాల్సి వస్తుంది. పాస్టర్లు మెడలో వేసే పొడవాటి పట్టీని స్టోల్ అంటారు, దాన్ని అంగీతో కలిపి ఎప్పుడూ ఉతకొద్దు. పెంతెకొస్తు పండక్కి వేసే ఎర్ర స్టోల్ ఒక లాండ్రీలో తెల్ల అంగీతోపాటు నానబెట్టి, అంగీని గులాబీరంగు చేసి పంపారు. జరీ సిలువ ఉన్నవాటిని మడతపెట్టకుండా మెత్తని గుడ్డ వేసి గొట్టానికి చుడుతున్నాం. సెంటు గానీ నాఫ్తలీన్ ఉండలు గానీ జరీకి తగలనివ్వం, నల్లబడుతుంది.

మళ్లీ కుట్టించాల్సొస్తే ఒక్కటి మారుస్తాను. అదే తానులో కనీసం పాతిక మీటర్లు ఎక్కువ కొనిపెడతాను. అప్పుడు నాలుగు మీటర్లే మిగుల్చుకున్నాం. ఆ మెరూన్ ఛాయ మళ్లీ దొరకలేదు, తెచ్చిన ప్రతి ముక్కా పక్కన పెడితే తేడా కొట్టింది. ఈ జూన్‌లో ఇద్దరు చిన్నపిల్లలు సొప్రానోలో, అంటే పై స్వరం పాడే వరుసలో చేరారు. చిన్నవాళ్లే కదా, కుచ్చులు కాస్త తగ్గించి, ఐదంగుళాల మడత మాత్రం వదలకుండా ఆ నాలుగు మీటర్లలోనే రెండూ తీస్తానని మాస్టరు అంటున్నారు. వచ్చే శనివారం సాధనకి వస్తారు. పిల్లలిద్దర్నీ ఉత్తకాళ్లతో నిలబెట్టి నేలనుంచి కొలత తీయాలి.