‘సెరిమనీ’ పుట్టుక: ఊరి కథ నమ్మాలా, ఉపవాసం కథా?

ఓపెనింగ్ సెరిమనీ, అవార్డుల సెరిమనీ అంటూ మనం తేలిగ్గా వాడేస్తున్న ఈ మాట లాటిన్‌లో ‘కైరిమోనియా’. పవిత్రత, దేవుడంటే భయభక్తులు, వాటితో చేసే క్రతువు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండేవి. అదెలా పుట్టిందో రోమన్లకే సరిగ్గా తెలియదు. అందుకే రెండు కథలు మిగిలాయి.

మొదటిది ఊరి కథ. సంప్రదాయ లెక్క ప్రకారం క్రీ.పూ. 390లో గాల్ జాతివాళ్లు రోమ్ మీద పడ్డారు. వెస్టా దేవత పూజారిణులు పవిత్ర వస్తువులు మోసుకుంటూ నడిచి పారిపోతున్నారు. లూసియస్ ఆల్బినియస్ అనే ఒక సామాన్యుడు అది చూసి, పెళ్లాం పిల్లల్ని బండి దింపి పూజారిణులను ఎక్కించుకున్నాడట. (ఆ భార్య ఏమందో ఎవరూ రాయలేదు!) వాళ్లను కైరే అనే ఎట్రుస్కన్ పట్టణానికి చేర్చాడు (ఎట్రుస్కన్లంటే రోమ్‌కు ఉత్తరాన ఉండిన ప్రాచీన ఇటలీ జాతి). రోమ్ చితికిపోయినా కైరేవాళ్లు ఆ పూజలను ఏ లోటూ లేకుండా జరిపారు, అందుకే వాటికి కైరిమోనియా అని పేరొచ్చింది అంటాడు 1వ శతాబ్దపు రచయిత వలేరియస్ మాక్సిమస్.

రెండోది న్యాయవేత్త మసూరియస్ సబీనస్ చెప్పింది. ‘కరేరే’ అంటే లేకుండా ఉండటం, మానుకోవడం. దాన్నుంచే ఈ మాట వచ్చిందట. ఉపవాసాలూ నియమాలూ ఎరిగిన మనకు ఇది వెంటనే నచ్చుతుంది.

అక్షరాల దగ్గరే రెండూ తడబడతాయి. ‘కరేరే’లో ఉన్నది ‘క’, మన మాటలో ఉన్నది ‘కై’. ఊరి పేరు నుంచి వచ్చే విశేషణం ‘కైరేతానుస్’, అందులోని ‘త’ కైరిమోనియాలో లేదు. త్రిలింగం నుంచి తెలుగు వచ్చిందన్నట్టు, ముందు మాట ఉంది, తర్వాత దానికో కథ అమరింది.

నా ఓటు మూడో దారికి. చివరి ‘మోనియా’ అచ్చమైన లాటిన్ ప్రత్యయం, పవిత్రతకు వాళ్లు వాడిన ‘శాంక్టిమోనియా’లోనూ అదే ఉంది. చిక్కంతా ముందున్న ‘కైరి’తోనే. అది ఎట్రుస్కన్ మాటేమోనని కొందరు పండితుల అనుమానం. బలి పశువు కాలేయం చూసి శకునం చెప్పే విద్య కూడా రోమన్లు ఎట్రుస్కన్ల దగ్గర తెచ్చుకున్నదే కాబట్టి, ఈ అనుమానం నాకు సబబుగా తోస్తుంది. అదే నిజమైతే, బండి కథ ఊరు తప్పు చెప్పినా దారి మాత్రం సరిగ్గానే చూపించినట్టు.