పొలం దారుల్లో 125 సీసీ ఏటీవీ: జెట్లు, పెట్రోలు గురించి దీర్ఘకాల సమీక్ష

పరకాల దగ్గర మా పొలాలకు యూరియా బస్తాలు, మందు డబ్బాలు, మోటారు సామాను చేరవేయడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది చైనా తయారీ 125 సీసీ ఏటీవీ, అంటే నాలుగు లావు చక్రాలతో పొలం బాటల్లో తిరిగే చిన్న బండి. గాలితో చల్లబడే ఒక్క సిలిండర్ ఇంజిను, గాలిలో పెట్రోలు కలిపి దానికి పంపే 22 మిల్లీమీటర్ల కార్బొరేటర్, రోడ్డు రిజిస్ట్రేషన్ లేని బండి. చట్రం, బ్రేకులు, టైర్లు ధరకు తగ్గట్టే ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను. ఈ బండి సుఖపెట్టడమూ విసిగించడమూ కార్బొరేటర్‌లో ఏ నంబరు జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు, నంబరు పెరిగితే రంధ్రం పెద్దది) ఉన్నాయి, ట్యాంకులో ఏ పెట్రోలు ఉంది అన్న రెండింటి మీదే ఆధారపడింది కాబట్టి ఈ సమీక్షను వాటికే పరిమితం చేస్తున్నాను.

కొత్తలోనే మిశ్రమం లీన్‌గా (గాలికి తగినంత పెట్రోలు లేకుండా) ఉన్న లక్షణాలు కనిపించాయి. చలికాలం ఉదయాన ఎంతసేపు గడిచినా చోక్ తీయనిచ్చేది కాదు, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ లివర్‌ను ఒక్కసారిగా నొక్కితే ఇంజిను క్షణం పాటు గొంతు పట్టేసినట్టు ఆగి ఆ తర్వాతే అందుకునేది, లివర్ వదిలేస్తే సైలెన్సర్‌లో పటపటమని చప్పుడు వచ్చేది. అడిగిన మెకానిక్‌లందరూ మెయిన్ జెట్ పెద్దది వేయమన్నారు. ఆ సలహాతో నేను ఏకీభవించను. మెయిన్ జెట్ ప్రభావం లివర్‌ను ముప్పావు వంతు దాటి నొక్కినప్పుడే పూర్తిగా తెలుస్తుంది. మొదటి పావు వంతు వరకు పెత్తనం పైలట్ జెట్‌ది, అక్కడి నుంచి ముప్పావు వరకు లివర్‌తో పాటు పైకి లేచే సన్నటి సూది, నీడిల్‌ది. ఒడ్ల మీద, బండ్ల బాటలో బరువుతో వెళ్లే బండి సగం లివర్ దాటడమే అరుదు. పందెం బండ్లకు మెయిన్ జెట్ నుంచి మొదలుపెట్టడం సబబే గానీ, పొలం బండికి కింది నుంచి పైకి రావడమే నయం.

అందుకే ముందు పైలట్ సంగతి చూశాను. ఇంజిను బాగా వేడెక్కాక, కార్బొరేటర్ పక్కనుండే ఎయిర్ స్క్రూను పూర్తిగా బిగించి, మెల్లగా విప్పుతూ ఐడ్లింగ్ (లివర్ నొక్కకుండా ఇంజిను తిరిగే వేగం) ఎక్కడ అత్యధికంగా, నిలకడగా ఉంటుందో గమనించాలి. ఒక చుట్టు నుంచి రెండున్నర చుట్లలోపు ఆ చోటు దొరికితే పైలట్ జెట్ సరిపోయినట్టే. నా బండిలో ఒక చుట్టు కన్నా ముందే దొరికింది, అంటే జెట్ చిన్నదన్నమాట. 35 నంబరు తీసి 38 వేయగానే అది ఒకటిన్నర చుట్ల దగ్గరికి జరిగింది, చోక్ బాధ కూడా చాలావరకు పోయింది. ఒక జాగ్రత్త చెప్పాలి: స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది, విప్పితే మిశ్రమం లీన్ అవుతుంది, ఇంజిను వైపు ఉంటే అది పెట్రోలును నియంత్రిస్తుంది, విప్పితే రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. ఈ తేడా తెలియక తిప్పిన చేతులే మన దగ్గర ఎక్కువ.

తర్వాత నీడిల్ క్లిప్‌ను మధ్య గాడి నుంచి ఒక గాడి కిందికి దించాను. క్లిప్ దిగితే నీడిల్ పైకి లేస్తుంది, మిశ్రమం కాస్త చిక్కబడుతుంది. లివర్ నొక్కగానే గొంతు పట్టేయడం దీనితోనే తీరింది. మెయిన్ జెట్‌ను చివరన, 90 నుంచి 95కు మార్చి, కాకతీయ కాలువ కట్ట మీద లివర్ పూర్తిగా నొక్కి కొంత దూరం నడిపి, అదే ఊపులో ఇంజిను ఆపి ప్లగ్గు విప్పి చూశాను. లోపలి తెల్ల పింగాణీ అడుగున లేత గోధుమ రంగు గీత కనిపించింది. ఇప్పటి పెట్రోలుతో ప్లగ్గుకు రంగు త్వరగా పట్టదు కాబట్టి, పైకి తెల్లగా కనబడుతోందని కంగారుపడి ఇంకా పెద్ద జెట్ వేయనక్కరలేదు. జెట్లు కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి మర పోల్చి చూసుకోవడం మంచిది. కెయిహిన్, మికుని కార్బొరేటర్ కంపెనీల నంబర్ల లెక్కలు వేరు గనుక నంబరు ఒక్కటే చూసి కొనడం పనికిరాదు.

ఇక పెట్రోలు. ఇథనాల్ లేని పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో దానికి 14.7 రెట్ల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి దాదాపు 13.5 రెట్లు చాలు. అంటే జెట్ మారకపోయినా పెట్రోలులో ఇథనాల్ పెరిగితే మిశ్రమం లీన్ అవుతుంది. 10 శాతం నుంచి 20 శాతానికి మారినప్పుడు ఆ తేడా నాలుగు శాతం పైనే. ఇంజెక్షన్ బండ్లలో సెన్సరు దాన్ని సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. అయితే మన ఎండలు ఇక్కడ కొంత మేలు చేస్తాయి. ఉష్ణోగ్రత 15 డిగ్రీల నుంచి 43 డిగ్రీలకు పెరిగితే గాలి సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది, కార్బొరేటర్ అందులో సుమారు సగానికే సర్దుకుంటుంది గనుక మిశ్రమం నాలుగైదు శాతం రిచ్ అవుతుంది. మే నెలలో చక్కగా నడిచిన బండి డిసెంబరు ఉదయాన మొరాయించడానికి కారణం ఇదే. నేను జెట్లను చలికాలానికి సరిపోయేలా ఉంచి, వేసవిలో ఎయిర్ స్క్రూను మాత్రం పావు చుట్టు విప్పుతున్నాను. వరంగల్ ప్రాంతం సముద్రమట్టానికి మూడు వందల మీటర్లలోపే ఉంటుంది కాబట్టి ఎత్తు కోసం జెట్ మార్చే పని లేదు.

ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం పెట్రోలు కొన్నాళ్లు వాడి మానేశాను. కంప్రెషన్ 9:1 దగ్గర ఉండే ఇలాంటి ఇంజిను 91 ఆక్టేన్‌తోనే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిను టకటకమనడం) లేకుండా నడుస్తుంది. పిక్కప్‌లో గానీ మైలేజీలో గానీ పెట్టిన డబ్బుకు తగిన తేడా నాకు కనిపించలేదు. పైగా ఆ పెట్రోలులోనూ ఇథనాల్ ఉంటుంది. ఊళ్లో కిరాణా కొట్లలో సీసాల్లో అమ్మే లూజు పెట్రోలు మాత్రం అత్యవసరమైతే తప్ప పోయను. ఎండలో నిలవుంటే అందులో త్వరగా ఆవిరయ్యే భాగం పోతుంది, మిగిలినదానితో చల్లటి ఇంజిను స్టార్ట్ కావడం కష్టం.

వానకాలంలో నాట్లు అయిపోయాక బండి వారాల తరబడి కొట్టంలోనే ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు హద్దు దాటితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఒకసారి కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె కింది స్క్రూ విప్పి గాజు సీసాలోకి దింపితే, పైన పెట్రోలు, దాని కింద వేలు మందాన వేరే పొర స్పష్టంగా కనిపించాయి. పైలట్ జెట్ రంధ్రం వెలుతురుకు పెట్టి చూస్తే పూర్తిగా మూసుకుపోయి ఉంది. దాన్ని కార్బొరేటర్ క్లీనర్‌తో నానబెట్టి, సన్నటి రాగి పోగుతో శుభ్రం చేయాలి. పిన్నీసు, ఇనుప తీగ దూరిస్తే రంధ్రం పెద్దదై జెట్ మీది నంబరుకు అర్థం ఉండదు. అప్పటి నుంచి బండి నిలిపే ముందు పెట్రోలు కాక్ మూసి గిన్నె ఖాళీ చేస్తున్నాను. బండితో వచ్చిన రబ్బరు పైపు ఉబ్బి పగుళ్లిచ్చింది. ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేశాక ఇబ్బంది లేదు.

చల్క నేలల దుమ్ము సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్పాంజి ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమం రిచ్ అవుతుంది, నల్లపొగ వస్తుంది. ఆ స్థితిలో ట్యూనింగ్‌కు ఇస్తే మెకానిక్ చిన్న జెట్ వేస్తాడు, ఫిల్టర్ కడిగిన రోజు ఇంజిను లీన్‌గా నడిచి వేడెక్కుతుంది. పత్తి ఏరే రోజుల్లో నేను ఫిల్టర్‌ను వారం వారం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బిగిస్తున్నాను. జెట్లు మార్చాక ఈ బండితో నాకు మిగిలిన ఫిర్యాదు గిన్నె నిండాక పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది గురించే: చెత్త అడ్డుపడితే పెట్రోలు పొంగి ఓవర్‌ఫ్లో గొట్టం గుండా కారిపోతోంది. దాని కోసం కాక్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య పైపులో చిన్న ఫిల్టర్ బిగించాను.