క్యాష్ వ్యాన్ డ్యూటీకి పంప్ యాక్షన్ 12 బోర్: మూడేళ్లు వాడాక

ఆర్మీ నుంచి వచ్చేశాక ఒంగోల్లో క్యాష్ వ్యాన్ మీద గన్‌మ్యాన్‌గా చేస్తున్నాను. మొదట పాత డబుల్ బారెల్ ఉండేది, మూడేళ్ల కింద దాన్ని ఇచ్చేసి పంప్ యాక్షన్ 12 బోర్ తుపాకీ తీసుకున్నాను (12 బోర్ అంటే బారెల్ లోపలి వెడల్పు కొలత). డ్యూటీలో చేరే కుర్రాళ్లు ఏది కొనాలన్నా అని అడుగుతుంటారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు బాగున్నది చెబుతాను. బారెల్ కింద పట్టుకునే పిడిని వెనక్కి లాగితే కాలిన తూటా పక్కకి ఎగిరి పడుతుంది, ముందుకి తోస్తే బారెల్ కింద తూటాలు నింపే గొట్టంలోంచి ఇంకోటి పైకి లేచి బారెల్ మొదట్లో కూర్చుంటుంది. అంతా చేత్తో నడిచే పని. ఆటోమేటిక్ గన్ తూటా పేలిన ఊపుతో తిరుగుతుంది, మందు బలహీనంగా ఉంటే ఆగిపోతుంది, దీనికి ఆ బాధ లేదు. పిడిని లోపలి బోల్టుతో (బారెల్ మొదలుని మూసే ఇనప దిమ్మ) కలిపే ఇనప పట్టీలు నా గన్‌కి రెండు వైపులా ఉన్నాయి, అందుకే లాగేటప్పుడు వంకర పోదు. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 అనే అమెరికా పంప్ గన్‌లో ఉన్నదీ ఇదే పద్ధతి, ఆ మోడల్ ఇప్పటికి కోటికి పైగానే తయారైంది.

లాగితే పూర్తిగా లాగాలి, తోస్తే పూర్తిగా తోయాలి. టెన్షన్‌లో సగం లాగి తోసేస్తే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. ఇది గన్ తప్పు కాదు, చెయ్యి అలవాటు కాకపోవడం. ఖాళీ గన్‌తో, డమ్మీ తూటాలతో రోజూ పది నిమిషాలు చేస్తే నెలలో వచ్చేస్తుంది.

నాకు అసలు భయం వేరే ఉంది. డబుల్ బారెల్‌ని కీలు దగ్గర వంచి తెరిచి పట్టుకుంటే తూటా ఉందో లేదో బ్యాంకు గుమ్మంలో నిలబడ్డ ప్యూన్‌కి కూడా కనపడుతుంది. పంప్ గన్‌ని బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఒకసారి డ్యూటీ మారేటప్పుడు ఒకాయన ఖాళీ చేశానన్నా అని గన్ నా చేతికిచ్చాడు. గొట్టం నిజంగానే ఖాళీ. బారెల్ నేల వైపు తిప్పి, ట్రిగ్గర్ గార్డు దగ్గరి మీట నొక్కి (అది నొక్కకపోతే పిడి కదలదు, కొత్తవాళ్లు గన్ పాడైందనుకుంటారు) అంగుళం లాగేసరికి లోపల తూటా ఇత్తడి అడుగు మెరిసింది. గుండె ఝల్లుమంది. అప్పటి నుంచి ఎవరు ఏం చెప్పినా పిడి పూర్తిగా వెనక్కి లాగి, కంటితో చూసి, చిటికెన వేలు బారెల్ మొదట్లో పెట్టి తడిమి, గొట్టం మూతి కూడా తడిమిన తర్వాతే గన్ తీసుకుంటున్నాను. ట్రిగ్గర్ నొక్కితే పేలకపోయినా వెంటనే పిడి లాగకూడదు, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు, బారెల్ జనం లేని వైపు పెట్టి అర నిమిషం ఆగాలి.

మా రూట్లో రెండు శత్రువులు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి. అమ్మినాయన గట్టి గ్రీజు తుడవకుండానే ఇచ్చాడు, ఎలా విప్పాలో ఒక్క ముక్క చెప్పలేదు, ఆ గ్రీజుకి దుమ్ము పట్టి రెండో వారానికే పిడి గరగరలాడింది. విప్పి కిరసనాయిలుతో కడిగాక సాఫీగా నడిచింది. నూనె పలచగా రాయండి. కాగితం తూటాలు చెమ్మకి ఉబ్బుతాయి, వాటి జోలికి పోవద్దు, ప్లాస్టిక్‌వే వాడండి, వాటి ఇత్తడి అడుగుకి ఆకుపచ్చ చిలుము పట్టిందేమో నెలనెలా చూడండి.

నేనైతే మళ్లీ ఇదే కొంటాను. కానీ రోజుకో చెయ్యి మారే గన్ అయితే, నేర్పే మనిషి లేకపోతే, ఆ ఏజెన్సీకి డబుల్ బారెలే ఇప్పించమంటాను.