తక్కువ గాలిలో రేసు నడిపేవాళ్లకు గాలి మీటర్ ఎంతవరకు ఉపయోగం?

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ రేసులు నడిపేటప్పుడు కొన్నేళ్లుగా చేతిలో పట్టుకునే గాలి మీటర్ వాడుతున్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది. పైన చిన్న ఫ్యాన్, కింద స్క్రీన్, లోపల బిళ్ల బ్యాటరీ. జూలై, ఆగస్టుల్లో పడమటి గాలి కొట్టే రోజుల్లో దీనితో పెద్దగా పని పడదు, జెండా ఎగిరే తీరు చూస్తేనే తెలిసిపోతుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా లాంటివి వానాకాలంలో పెట్టేది ఆ గాలి కోసమే. మిగతా నెలల్లో క్లబ్ రేసులు, పిల్లల ప్రాక్టీసు రేసులు చాలావరకు మూడు నుంచి ఐదు నాట్స్ మధ్యే నెట్టుకురావాలి. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. అలాంటి రోజుల్లో ఈ మీటర్ ఎలా పనిచేస్తుందో రాస్తున్నాను.

మొదట దాని హద్దు చెప్పాలి. ఫ్యాన్ కదలాలంటే కొంత గాలి కావాలి. నా మీటర్‌కి అది సెకనుకు 0.6 మీటర్లు, అంటే దాదాపు 1.2 నాట్స్. అంతకు తగ్గితే సున్నా చూపిస్తుంది. ఆ సున్నాని నమ్మకండి. మా కమిటీ బోట్ (రేసు నడిపేవాళ్లు ఉండే పడవ) మీద వెదురు కర్రకి పాత ఆడియో క్యాసెట్ టేపు ముక్క కట్టి ఉంటుంది. మీటర్ 0.0 దగ్గర కదలకుండా ఉన్నప్పుడే ఆ టేపు నెమ్మదిగా లేచి, ఒకవైపు తిరిగి, మళ్లీ వాలుతుంది. గాలి ఎటునుంచి వస్తోందో తొలి కబురు దాని దగ్గరే దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: లేని గాలిని చూపించడం. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహానికి వెళ్లే లాంచీ మన పక్కనుంచి పోయిందంటే కమిటీ బోట్ ఊగుతుంది, దాంతోపాటు మన చెయ్యి, చేతిలో మీటర్. ఆ ఊపుకే ఫ్యాన్ గిర్రున తిరిగి రెండున్నర చూపిస్తుంది. కొత్త వాలంటీర్లు వెంటనే "గాలొచ్చింది సార్!" అంటారు. అలలు సద్దుమణిగేదాకా ఆగాలి. కొలిచేటప్పుడు బోట్ లంగరు మీద ఉండాలి, నడుస్తుంటే బోట్ వేగం కూడా అంకెలో కలుస్తుంది. ముందు భాగంలో నిలబడి, గాలికి ఎదురుగా, చెయ్యి తల కన్నా పైకి చాచి పట్టుకోవాలి. ఫ్యాన్ కాస్త పక్కకి తిరిగినా అంకె తప్పుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది సగటు చూపించే బటన్. తక్కువ గాలి ఎప్పుడూ విడతలు విడతలుగా వస్తుంది. ఒక్క నిమిషంలో 1.8, 4.1, 2.6 అంటూ గెంతుతుంటే ఏ అంకె చూసి నిర్ణయం తీసుకుంటాం? రెండు నిమిషాలు పట్టుకుని సగటు తీస్తాను, టైముతో సహా నోట్‌బుక్‌లో రాస్తాను. రేసు వాయిదా జెండా ఎగరేసి కూర్చున్నప్పుడు ఐదు నిమిషాలకోసారి ఇదే పని. వరసగా మూడు సగటులు పెరిగాయంటే, పడవలు చుట్టి రావాల్సిన మార్కులు (నీటిమీద తేలే గుర్తులు) వేసే మార్క్ బోట్‌ని కదలమంటాను. ఎంత గాలి ఉంటే మొదలుపెట్టాలనేది రేసింగ్ రూల్స్‌లో అంకెగా ఎక్కడా లేదు. నిర్వాహకులు సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్‌లో (ఆ పోటీకి ఇచ్చే సూచనల పత్రం) రాసుకుంటే ఉన్నట్టు. పిల్లల ఆప్టిమిస్ట్ బోట్లకి నా లెక్క నాలుగు నాట్స్ సగటు, అదీ దిశ నిలకడగా ఉంటేనే.

ఆ నోట్‌బుక్ వల్ల ఇంకో లాభం, ఒడ్డు మీద గొడవలు తగ్గాయి. "సార్, యాప్‌లో ఎనిమిది నాట్స్ అని ఉంది కదా, ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదు?" అని అడిగే పేరెంట్స్ ప్రతిసారీ ఉంటారు. వాతావరణ సూచనల్లో చెప్పే గాలి పది మీటర్ల ఎత్తులోది. నీటికి దగ్గరగా వచ్చేకొద్దీ అది తగ్గుతుంది, ఆప్టిమిస్ట్ తెరచాపకి అందేది ఆ తగ్గిన గాలే. నోట్‌బుక్ చూపిస్తే సగంమంది ఒప్పుకుంటారు. మిగతా సగంమందికి టీ తాగమని చెబుతాం.

ఇది చెయ్యలేని పని దిశ చెప్పడం. తక్కువ గాలిలో అసలు టెన్షన్ అంతా దిశ గురించే. నెక్లెస్ రోడ్ వైపు నుంచి వచ్చే గాలి భవనాలకి, చెట్లకి తగిలి ముక్కలై వస్తుంది. స్టార్ట్‌కి ఐదు నిమిషాల ముందు హెచ్చరిక ఇచ్చి, నాలుగు నిమిషాలు ఉందనగా పి జెండా (సిద్ధం కమ్మనే గుర్తు) ఎత్తేసరికి గాలి నలభై డిగ్రీలు తిరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. మీటర్‌లో మాత్రం అదే 4.2, నిశ్చింతగా. లంగరు వేసిన కమిటీ బోట్ కూడా బలహీనమైన గాలిలో ఒక పక్కకి నిలవదు, ఆ బోటే స్టార్ట్ లైన్‌కి ఒక కొస కాబట్టి లైన్ కూడా తిరుగుతుంటుంది. అప్పుడు దిక్సూచి, టేపు చూసుకుని మళ్లీ రెండు హారన్లు, వాయిదా జెండా పైకి. అన్నట్టు ఆ జెండాలు కూడా గాలి లేకపోతే తడిబట్టల్లా వేలాడతాయి, దూరంగా ఉన్న పిల్లలకి కనిపించవు. పైఅంచుకి సన్నటి కర్ర కుట్టించండి. మీటర్ కన్నా ముందు చెయ్యాల్సిన పని అది.

కోర్సు ఎంత పొడుగు పెట్టాలో లెక్కకట్టడానికి మాత్రం మీటర్ బాగా పనికొస్తుంది. ఆప్టిమిస్ట్ ఒకటిన్నర నాట్స్ వేగంతో కదులుతుంటే నిమిషానికి 46 మీటర్లు పోతుంది. గాలికి ఎదురుగా 500 మీటర్ల దూరంలో మార్క్ వేస్తే, అటూ ఇటూ తిప్పుకుంటూ పోవాలి కాబట్టి నిజంగా తిరిగేది 700 మీటర్ల దాకా. ఒక్క లెగ్‌కే (ఒక మార్క్ దాకా సాగే దూరం) పావుగంట. టైమ్ లిమిట్ దాటుతుందనిపిస్తే ఎస్ జెండా, రెండు హారన్లతో కోర్సు కుదించొచ్చు. అదీ కుదరకపోతే ఎన్ జెండా, మూడు హారన్లు, రేసు రద్దు. దీనికి మొహమాటపడక్కర్లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సెయ్ దగ్గర గాలి పడిపోయి, ఆగస్టు 1న జరగాల్సిన స్కిఫ్ (తేలికైన, వేగమైన పడవల) మెడల్ రేసులే మర్నాటికి వెళ్లాయి.

మెయింటెనెన్స్ తక్కువే. ఫ్యాన్ ఇరుసులో సాలెపోగో, వెంట్రుకో చుట్టుకుంటే తక్కువ గాలిలో ముందు అదే మొరాయిస్తుంది, ఎక్కువ గాలిలో తేడా తెలియదు. అందుకే రేసు రోజు పొద్దున మెల్లగా ఊది చూస్తాను, తిరిగి నెమ్మదిగా ఆగితే బాగున్నట్టు, టక్కున ఆగితే శుభ్రం చెయ్యాలి. ఆయిల్ వెయ్యకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. ఫ్యాన్ విడిగా మార్చుకునే వీలున్న మోడలే కొనండి.

వెయ్యి, రెండు వేలకి దొరికే రకాల నుంచి పదివేలు దాటేవాటి దాకా ఉన్నాయి. బ్లూటూత్, తేమ, వాయుపీడనం లాంటివి క్లబ్ రేసుకి అక్కర్లేదు. సగటు బటన్ ఉండి, నాట్స్‌లో చూపిస్తే చాలు. ఖరీదైనది ఒకటి కొనే బదులు మామూలువి రెండు తీసుకోమంటాను, ఒకటి కమిటీ బోట్ మీద, ఇంకోటి పైమార్క్ (గాలి వచ్చే వైపు మార్క్) దగ్గర ఉండే మార్క్ బోట్‌లో. మన దగ్గర నాలుగు ఉన్నప్పుడు అక్కడ ఒకటిన్నర ఉండటం ఈ చెరువులో మామూలే, వాకీటాకీలో అది విన్నాకే హారన్ మీద చెయ్యి వేస్తాను. రెండింటినీ పొద్దున ఒడ్డున పక్కపక్కనే పట్టుకుని, ఎంత తేడా చూపిస్తున్నాయో వెనకాల స్టిక్కర్ మీద రాసిపెట్టుకోండి.